ఓరుగంటి మగ్గముల లెక్క

ఓరుగంటి పేరు వినగనే మన మనస్సు కోటగోడల మీదికిని, కీర్తితోరణముల మీదికిని, వేయిస్తంభముల గుడి మీదికిని పోవుట సహజము. రాజుల చరిత్రమును వ్రాసినవారు పెక్కురు కలరు. ఈ సంచికను చేతబట్టిన కులబంధువులకును, పోషకమహాశయులకును నేను మనవి చేయబూనినది వేఱొక విషయము. ఈ నగరమునను, దీని చుట్టుపట్లను మగ్గము నమ్ముకొని బ్రదికిన యిండ్ల వ్యాపారము బాగుగా నడచుచున్నదో లేదో ఏ కాలమున ఎవరు కొలిచిరి, దేనితో కొలిచిరి, ఆ కొలత ఎవరి కుపయోగించినది అను నదియే ఆ విషయము. ఇది గుమాస్తాల పని యని కొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. కాని ఒక యింటికి అప్పు పుట్టుటయు, పుట్టకపోవుటయు, కొడుకు మగ్గము మీద కూర్చుండుటయు, భీవండికి రైలెక్కుటయు కడకు ఈ లెక్క మీదనే ఆధారపడి యున్నవి.

కాకతీయుల కాలమునుండి ఆరంభింతము. గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవునందు వేయించిన అభయశాసనము చరిత్ర చదివినవారి కందఱకును పరిచితమే. అంతకు పూర్వపు రాజులు గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును బలవంతముగా హరించుచుండిరనియు, తాను నియతమైన సుంకము తప్ప మఱేమియు గైకొననని ప్రతిజ్ఞ చేయుచున్నాననియు ఆ రాజు చెప్పుకొనెను. ఎగుమతి దిగుమతుల మీద ముప్పదింట నొక వంతు సుంకముగా నేర్పడెను. శతాబ్దాంతమున ఆ తీరమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో, ఈ దేశపు సన్నని బట్టలను సాలెపురుగు గూటితో పోల్చి, ఏ రాజైనను రాణియైనను వానిని ధరింప నిచ్చగింతురని మెచ్చుకొనెను. ఆయన ఈ రాజ్య మేలిన రాణిని రాజుగారి విధవగా వ్రాసినాడు. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె యని మన శాసనములు చెప్పుచున్నవి. రాణిని గూర్చి పొరపడినను బట్టను గూర్చి పొరపడలేదు. కన్నులార చూచినదానికిని, చెవితో విన్నదానికిని అంతటి భేదము కలదు.

ఈ శాసనమును నే నిచట తలచుటకు కారణము వేఱు. ముప్పదింట నొక వంతు అనునది సరకుమీది కొలత. రేవున దిగిన మూటను చూచి వేసినది. ఆ మూటలోని బట్టను నేసినవా డెవ్వడు, వానికి దక్కిన దెంత అను ప్రశ్న ఆ కొలతలో లేదు. ఊళ్లలో మగ్గమున కింతయని పన్ను కట్టుట తెలుగుదేశపు మధ్యయుగ శాసనములలో కానవచ్చును. అదియు అట్టిదే. మగ్గము ఆడినను, పడుగు లేక మూలబడియున్నను పన్ను ఒక్కటే. రాజున కది సులభము, మగ్గము దాచుకొన వీలులేని వస్తువు కదా! నేతగాని కది కష్టము. క్రీడాభిరామమున మంచనశర్మతో గూడి ఓరుగంటి వీథులు తిరిగిన టిట్టిభసెట్టి జాతిచేత వర్తకుడే. ఆయనకు సైతము ఊరి వినోదములు కంటబడినంతగా మగ్గముల గతి కంటబడలేదు.

నేతవారికి తమదైన కొలత యొకటి యుండెను. దాని పేరు పుంజము. నూటయిరువది పోగులు ఒక పుంజము. బట్ట వెడల్పులో నెన్ని పుంజములు కలవో చెప్పినచో దాని సన్నదనము తెలిసిపోవును. పదునాలుగు పుంజముల బట్టకు 1,680 పోగులు, ముప్పదియాఱు పుంజముల బట్టకు 4,320 పోగులు. అచ్చులోని పండ్లను లెక్కించి ఈ సంఖ్యను ఎవ్వరైనను సరిచూచుకొనవచ్చును. మోసమున కవకాశము తక్కువ. మచిలీబందరు మొదలుగా గల తీరపు రేవులలో విదేశపు కంపెనీలవారు తెలుగుదేశపు నేతబట్టను కొన్నపుడు ఈ పుంజముల లెక్కనే తమ పుస్తకములలో వ్రాసికొనిరి. ఇంగ్లీషువారి దస్తావేజులలోనికి తెలుగు మాట యట్లే పోయినది. అయితే ఇదియు బట్టకు కొలత, ఇంటికి కాదు. ముప్పదియాఱు పుంజముల బట్ట నేయగలవాడు పదునాలుగు పుంజములవానికంటె పనివాడే గాని, వానికంటె సుఖముగా భుజించుచున్నాడని పుంజము చెప్పజాలదు.

ఇంటిని కొలిచిన పద్ధతి తెలుగువారిలో నొకటి కలదు. అది నా యభిప్రాయమున మిక్కిలి విశేషమైనది, దానిని గూర్చి కొంత విస్తరించి చెప్పెదను. దాని పేరు వీసబడి. వీసమనగా పదునాఱింట నొక పాలు. దత్తమండలములలోను, మఱికొన్ని తెలుగు జిల్లాలలోను వర్తకులమీదను, అంగళ్లవారిమీదను ఈ పన్ను చెల్లుచుండెను. ఇంగ్లీషు కంపెనీవారు 1800లో నిజాము నవాబునుండి దత్తమండలములను పొందునాటికే అది వాడుకలో నున్న పద్ధతి. సర్కారువారు ఊరిమీద నింత మొత్తమని కట్టుదురు. ఏ వర్తకుడెన్ని వీసములు మోయవలెనో ఊరి వర్తకులే కూడియాడి నిర్ణయింతురు. ఒకనికి పెద్ద భాగము, ఒకనికి అర, ఒకనికి వీసము. గతవత్సరము నష్టపడినవాని భాగము తగ్గును, కలిసివచ్చినవాని భాగము పెరుగును.

చదువరులు ఈ యేర్పాటును కొంచెము ఆలోచింపగోరెదను. వర్తకుని లాభమును తెలిసికొనుటకు సర్కారు ఉద్యోగికి దారి యేది? వాని పుస్తకము వాని యింట నుండును. ఆ పుస్తకము నిజము చెప్పునో లేదో వానికే యెఱుక. పొరుగు అంగడివాని కట్లు కాదు. ఎవని కొట్టువద్ద బండ్లు దిగుచున్నవో, ఎవడు సాహుకారును తప్పించుకొని తిరుగుచున్నాడో, ఎవని యింట పెండ్లికి నగలు కుదువబెట్టిరో వాడు చూచుచునే యుండును. ఒకడు తక్కువ మోసినచో ఆ బరువు తనమీద పడును గనుక కన్ను మూసికొనడు. ఈ కాలమున చిన్న వ్యాపారములకు అప్పిచ్చుటకై సంస్థలవారు పలువిధములైన పట్టికలు వేయుచున్నారు; పొరుగువారి యెఱుక యంతటి పట్టిక వేఱొకటి దొరకుట యరుదు.

దోషములు లేకపోలేదు. కూడియాడువారిలో పెద్ద వర్తకుని మాట పెద్దదిగా నుండును. బీదవాని వీసము వీసముగానే యుండి, పెద్దవాని భాగము సిగ్గుచేత తగ్గినట్లు వ్రాయబడుట సంభవమే. మోతర్ఫా యనబడిన వృత్తిపన్నులలో మగ్గముపన్ను సహితము చేరియుండెను. ఆ పన్నులపై మదరాసు రాజధానిలో ఫిర్యాదులు పుట్టి, పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగమున అవి యెత్తివేయబడినవి. పన్ను పోవుట మంచిదే. దానితోపాటు ఊరివారు కూడి ఒకరి వ్యాపార మొకరు తూచుకొను అలవాటు సహితము పోయినది.

ఇక ఓరుగంటి తివాచీల మాట. ఈ నేత పారసీకమునుండి వచ్చినదనియు, మొగలు సైన్యముల వెంట దక్షిణమునకు చేరినదనియు చెప్పుదురు. వచ్చిన దెట్లయినను, ఇచ్చటి ముసల్మానుల యిండ్లలోను, మన పద్మశాలి యిండ్లలోను, మట్టెవాడ, కొత్తవాడ ప్రాంతములయందు నిలిచిపోయినది. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమున ఓరుగంటి తివాచీ ప్రసిద్ధి కెక్కెను. హిందూదేశపు శిల్పములను గూర్చి 1880లో గ్రంథము వ్రాసిన జార్జి బర్డ్‌వుడ్ దొర వీని పోగుముళ్ల సాంద్రతను ప్రత్యేకముగా కొనియాడెను. చదరపు టడుగునకు సుమారు 12,000 ముళ్లట! పట్టు కలిపిన తివాచీలలో రంగులు కంటికి వెగటుగాక కుదిరినవి ఇవియే యని ఆయన మతము. గజము చదరమునకు ఇంచుమించు పది పౌనులు ఖర్చగునని కూడ వ్రాసెను.

ఆ పది పౌనులను చూచి మనవారు ధనవంతులై యుందురని భ్రమపడరాదు. చదరపు గజమునకు తొమ్మిది చదరపు టడుగులు. అనగా 1,08,000 ముళ్లు. నేర్పరియైన చేయి దినమునకు ఆఱువేల ముళ్లు వేయుననుకొందము. ఒక్క గజము చదరమునకే పదునెనిమిది దినములు పట్టును. ఇక ఉన్నికిని, పట్టునకును, రంగునకును, నమూనా చదివి వినిపించువానికిని, సరకును పట్నము చేర్చు దళారికిని, ఓడవానికిని పోగా మిగిలినది ముడివేసిన చేతికి దక్కవలెను. లండనులో బహుమానమిచ్చువారు ముళ్లు లెక్కించిరి. ఆ ముళ్లు వేసిన యింట ఆ యేడు అప్పు తీఱినదా యని లెక్కించిన వారు లేరు.

అటుపిమ్మట చెఱసాలల తివాచీలు బయలుదేరినవి. వరంగల్లు కేంద్ర కారాగారమునందు సైతము జంపఖానాలు, తివాచీలు నేయించుచుండిరి. ఆ కారాగారమును 2021లో పడగొట్టి ఆసుపత్రి కట్టుటకు స్థలమిచ్చినారు. ఖైదీకి బయటి కూలి ఇయ్యనక్కఱలేదు గనుక అచటి ధరలో కూలి పూర్తిగా చేరదు. కొనువానికి రెండు జంపఖానాలు పక్కపక్కన కనబడును, ఒకదాని ధర తక్కువ. తక్కువ ధర గలదే సమర్థమైన పరిశ్రమ యని వాడు తలచును. లెక్కలో నొక పద్దు విడిచిపెట్టినచో ఎంతటి తలక్రిందులగునో దీనివలన తెలియును. అయితే చెఱసాలను ఆక్షేపించుటకు ముందు మన యిండ్ల లెక్కను చూచుకొనవలసియున్నది. మనమును అదే పద్దు విడిచినాము.

నిజాము రాజ్యమునందు హాలీ సిక్కా చెల్లుచుండెను; బ్రిటిషు ఇండియాలో కల్దారు రూపాయి. నూఱు కల్దారులకు నూటపదునాఱు రూపాయల పదియణాల యెనిమిది పైసలు హాలీ. అనగా ఆఱు కల్దారులు ఏడు హాలీలు. 1889లో రైలుదారి బెజవాడ వఱకు పోయిన పిమ్మట ఓరుగల్లునకు బొంబాయి సరకును, కోస్తా సరకును ధారాళముగా రాజొచ్చెను. మిల్లునూలు కల్దారు ధరతో వచ్చును, నేసిన బట్ట ఊరిసంతలో హాలీకి పోవును. ఈ స్థితిలో నొక యింటి లెక్కను చూతము. అంకెలు విషయము విశదమగుటకై నేను కల్పించినవి.

ఒక జంపఖానాకు నూలు పండ్రెండు కల్దారులు. రంగులకు రెండు హాలీలు. ఎనిమిది దినములు నేసి ఇరువదిరెండు హాలీలకు అమ్మిరి. ఇంటి యజమానుడు రూపాయికి రూపాయి యని తలచి, పదునాలుగు పోగా ఎనిమిది మిగిలెనని సంతసించును. సాహుకారు పుస్తకములో చూడగా ఆ పండ్రెండు కల్దారులు పదునాలుగు హాలీలైనవి, మిగిలినది ఆఱే. పోనిమ్ము, ఆఱును లాభమే కదా యనును. ఇపుడు కూలి వేయుదము. మగ్గముమీది మగవానికి దినమునకు ఎనిమిది అణాల చొప్పున నాలుగు రూపాయలు. కండెలు చుట్టి, రంగులు కాచి, పోగులు సరిచేసిన ఇల్లాలికి మూడణాల చొప్పున రూపాయిన్నర. పంజా అందించుచు, రెండవ కొస పట్టిన కొడుకునకు రెండణాల చొప్పున ఒక రూపాయి. వెరసి ఆఱున్నర. ఎనిమిది రూపాయల లాభ మనుకొన్నది అర్ధరూపాయి నష్టముగా తేలినది. మగ్గము అరుగుదలయు, బయానాపై వడ్డియు ఇంకను వేయలేదు!

మనవారికి లెక్కలు రావనుకొనుట అన్యాయము. చిట్టా, ఖాతా వ్రాయు విద్య ఈ దేశమున ప్రాచీనమైనది. మార్కో పోలో స్వస్థలమైన వెనీసునందే 1494లో లూకా పాచియోలి యను సన్యాసి జమాఖర్చులను జంటపద్దులుగా వ్రాయు పద్ధతిని అచ్చువేయించి ఐరోపాకు నేర్పెను. మన కోమటిసెట్ల పుస్తకములు ఆ పద్ధతికి లొంగకయే శతాబ్దములు నడచినవి. కాని ఆ పుస్తకము వర్తకునిది. అందు నేతగాడు ఒక ఖాతా మాత్రమే. వాని పేరిట నూలు ఖర్చు, బట్ట జమ. వాని యింటి లాభనష్టములు వాని చేతివ్రాతలో ఉండవలసినవి; అవి లేవు. ఇల్లాలి చాకిరిని కూలిగా వ్రాయుట పరువుతక్కువ యను భావము ఇందునకు పెద్ద కారణము. పరువు మాట యెట్లున్నను, విడిచిన పద్దు విడిచినట్లే యుండును.

1929లో హైద్రాబాదు ప్రభుత్వము కోటి రూపాయలతో పారిశ్రామిక నిధి నేర్పఱచెను. పెద్ద పరిశ్రమలకే గాక చేతిపరిశ్రమలకును అది సాయపడవలెనని ఉద్దేశము. అయిదేండ్లకు, 1934లో, ఓరుగంట ఆజంజాహి మిల్లు వెలసినది. ఏడవ నిజాము తన జ్యేష్ఠకుమారుని పేర దానిని పెట్టించెను. మిల్లునకు హాజరుపట్టీ యుండెను, కదుళ్ల లెక్కయు, యంత్రపు అరుగుదల పద్దును, దినదినమునకు తయారైన గజముల పట్టికయు నుండెను. అప్పు కావలసినపుడు మేనేజరు ఈ కాగితములను ముందు పెట్టును. నేతగాడు చేతులు ముందు పెట్టును. రెండింటిలో దేనికి విలువ హెచ్చో చెప్పనక్కఱలేదు. అయితే కాగితములున్నంత మాత్రమున మిల్లు నిలిచినదా? ఆ మిల్లు నేడు లేదు. వేలమందికి అన్నము పెట్టిన ఆ ఆవరణ కాలగర్భమున కలిసినది; కొత్తవాడలో జంపఖానా మగ్గము మాత్రము, సంఖ్య తగ్గినను, నేటికిని ఆడుచున్నది. దీనిని బట్టి చిన్నదే గట్టిదని వాదింపను. కూలి తీసికొనక పని చేయువాడు దివాలా తీయుట కష్టము. అంతమాత్రమున వాని వ్యాపారము బాగుగా నున్నదని చెప్పరాదు.

చేనేతకును మిల్లులకును గల సంబంధమును విచారించుటకు భారత ప్రభుత్వము 1941లో ఆచార్య పి. జె. థామసుగారి యధ్యక్షతను ఒక సంఘమును నియమింపగా, వారు 1942లో నివేదిక సమర్పించిరి. దేశమందు సుమారు 20 లక్షల మగ్గములున్నవని వారు తేల్చిరి. ఆ నివేదికలో నన్నాకర్షించిన దేమనగా, ఆడుచున్న మగ్గములను, ఖాళీగా పడియున్న మగ్గములను వేఱుచేసి చెప్పుట. మగ్గమును లెక్కించుట వేఱు, పనిని లెక్కించుట వేఱు. మధ్యయుగపు పన్నువాని కీ భేదము తెలియదు, లేక తెలిసియు నక్కఱలేదు.

స్వాతంత్ర్యానంతరము కొలతబద్ద సర్కారు చేతికి వచ్చెను. 1955 ప్రాంతమున అయిదు లక్షల రూపాయలలోపు మూలధనము కలిగి, విద్యుచ్ఛక్తితో నడచినచో యాబదిమందికిని, అది లేనిచో నూర్గురకును లోబడిన పనివారు గలదే చిన్నపరిశ్రమ యనిరి. 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము వచ్చి, యంత్రసామగ్రిపై పెట్టిన పెట్టుబడి ఇరువదియైదు లక్షలు మించని తయారీ పరిశ్రమ సూక్ష్మమనెను. 2020 జూలై 1 నుండి పెట్టుబడితోపాటు వార్షిక విక్రయమును గూడ చూచుచున్నారు. 2025 ఏప్రిల్ 1 నుండి రెండున్నర కోట్ల పెట్టుబడియు, పది కోట్ల విక్రయమును దాటనిది సూక్ష్మము. ఇరువదియైదు కోట్లు, నూఱు కోట్లు దాటనిది చిన్నది. నూట యిరువదియైదు కోట్లు, అయిదువందల కోట్లు దాటనిది మధ్యతరహా. హద్దు పెంచుట వర్ధిల్లుచున్న పరిశ్రమకు మేలు. సాయము పోవునను భయముచేత ఎదుగక నిలిచిపోవు వారికి ఊఱట. కాని రెండున్నర కోట్ల యంత్రము గలవాడును, గుంటమగ్గము గలవాడును ఒకే పంక్తిలో కూర్చుండిరి. వడ్డించువాని చేయి ఎవ్వరి విస్తరివైపు ముందుగా పోవునో పెద్దలూహింపగలరు.

సర్కారు లెక్కలన్నియు నిష్ప్రయోజనములని నా భావము కాదు. తెలంగాణ ప్రభుత్వము 2017లో నెలకొల్పిన నేతన్నకు చేయూత యను పొదుపుపథకమున, నేతగాడు తన కూలిలో నూటికి ఎనిమిది వంతులు వేసినచో ప్రభుత్వము పదునాఱు వంతులు కలుపవలెనని నిర్ణయము. ఎనిమిది వంతులు లెక్కకట్టవలెనన్న ముందు కూలి యెంతో వ్రాయవలెను. ఏ పన్నువాడును, ఏ ప్రదర్శనమువాడును అడుగని ఆ పద్దును ఈ పథకము వ్రాయించినది. ఆ సంవత్సరముననే వరంగల్లు చెంత కాకతీయ మెగా జౌళిపార్కునకు శంకుస్థాపన జరిగెను. మఱుసటి యేడు, 2018లో, వరంగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు రక్షణ దొరకినది. షోలాపురమునకును, భీవండికిని, సూరతునకును వెళ్లిన మన కుటుంబములు తిరిగివచ్చుటకు పేరొక్కటియే చాలదని వారి బంధువులైన మీకు నేను చెప్పవలసిన పని లేదు.

2009-10 నాటి మూడవ చేనేత జనగణనలో దేశమున నేతపనివారును, అనుబంధ పనివారును కలిసి 43.31 లక్షలు. 2019-20 నాటి నాలుగవ గణనలో 35.22 లక్షలు. పదేండ్లలో ఎనిమిది లక్షలమంది తగ్గిరి. వీరందఱు నష్టపడి పోయిరా, మేలైన పని దొరకి పోయిరా యని గణన చెప్పదు. ఇండ్లలో పుస్తకములుండినచో చెప్పెడివి.

ఈ మహాసభలలో విద్యార్థి వేతనములకును, వసతిగృహములకును చందాలు పోగగుట సంతోషకరము. దానితోపాటు ఒక చిన్న జమాఖర్చు పుస్తకమును అచ్చువేయించి మగ్గమున్న ప్రతి యింటికిని పంచినచో ఖర్చు స్వల్పము. పుటకు అయిదు గళ్లు చాలును: నూలు, రంగు, వడ్డి, అమ్మిన ధర, కూలి. కూలిగడిని మాత్రము మనిషికొక వరుసగా విడదీయవలెను. నాలుగవ గణనలో తేలిన 35.22 లక్షలమందిలో స్త్రీలు 25 లక్షలకు పైబడి యున్నారు. ఆ గడిలో మొదటి వరుస వారి పేరిట వ్రాయవలసియున్నది.